జవాబు బండ మీద మణికేతుడు

శైలవాటి రాజ్యానికి ఉత్తరపు కొసన నల్లకొండలు ఒకదాని భుజం మీదికి ఒకటి ఎక్కినట్టు నిలబడి ఉంటాయి. వాటి నడుమ అగాధం. అగాధం మీద తీగలతో అల్లిన వంతెన. పున్నమి నాటి ఉదయం ఆ వంతెన సగం దాటిన ఒక ఉప్పు మూటలవాడికి ఎదురుగా పులి వచ్చి నిలబడింది.

ఆ మనిషి ఉప్పు అమ్ముకునేవాడు కాడు. మాసిన పాగా, చెంపల నిండా పూసుకున్న బూడిద, భుజం మీది కావడి తీసేస్తే అతడు యువరాజు మణికేతుడు. ఎదురుగా ఉన్నది కూడా అడవిలో పుట్టిన పులి కాదు. వక్రశంఖుడనే మాంత్రికుడు పొగతో చేసి వదిలిన పులి. దాని చారల గుండా అవతలి కొండ కనిపిస్తోంది. ఒళ్ళు పొగే గాని కోరలు మాత్రం నిజమైనవి. అది ఒక్కసారి గర్జించి పట్టి కొరికేసరికి వంతెన తీగలు రెండు పుటుక్కున తెగాయి.

మణికేతుడు కత్తి దూసి పొడిచాడు. కత్తి పొగలోంచి దూరి ఖాళీగా తిరిగివచ్చింది. పులి పంజా విసిరింది. ఆ దెబ్బకు కావడిలో ఒక మూట చిట్లి ఉప్పు దాని మూతి మీద పడింది. పడిన చోటల్లా పులి నీళ్ళయి కారిపోయింది. వేషం కోసం మోసుకొచ్చిన ఉప్పు ఇంత పనికొస్తుందని యువరాజు కలలో కూడా అనుకోలేదు. రెండు దోసిళ్ళు చల్లేసరికి వంతెన మీద తడి తప్ప ఏమీ మిగల్లేదు. ఊగుతున్న తీగలు పట్టుకుని, కావడి జారకుండా చూసుకుంటూ అతడు అవతలి గట్టు చేరాడు.

రాజకుమారుడికి ఈ అగచాట్లన్నీ ఆదరువు కోసం. ముసలివాళ్ళకు, కాలూ చెయ్యీ ఆడనివాళ్ళకు, మొగుణ్ణి పోగొట్టుకున్న ఆడవాళ్ళకు, దిక్కులేని పిల్లలకు నెల నెలా అందే బియ్యాన్ని ఆ దేశంలో ఆదరువు అంటారు. నిన్నమొన్నటిదాకా దాన్ని చక్రవర్తి కొలువుండే హేమకూటం వాళ్ళు నడిపేవారు. బియ్యం వస్తే వచ్చేది, లేకపోతే లేదు. ఎందుకు రాలేదని అడగాలంటే కొండలూ ఎడారులూ దాటి హేమకూటం పోవాలి. పోయినవాడికి అక్కడి ద్వారపాలకుడు విన్నాం పొమ్మని చెప్పేవాడు. చెప్పేది ద్వారపాలకుడే, వినేవాడు ఎవడో ఎవరికీ తెలియదు. ఈ ఏటి వేసవిలో మహారాణి విరజాదేవి చక్రవర్తితో ఒడంబడిక చేసుకుని ఆ బరువు తన రాజ్యం నెత్తికి ఎత్తుకుంది. మా ముసలివాళ్ళను మేమే చూసుకుంటాం అన్నది. ఆ రోజు శైలవాటి వీధుల్లో తప్పెట్లు ఆగకుండా మోగాయి. ఆదరువు నడిపే పనిని ఆమె కొడుకు మణికేతుడికి అప్పగించింది.

నడిపేవాడికి పెత్తనంతో పాటు ఒక బండ కూడా దక్కుతుంది. కోట ముంగిట ఉన్న ఆ నల్లబండను జవాబు బండ అంటారు. ప్రతి పున్నమికీ ఆదరువు నడిపేవాడు చెప్పులు విడిచి, గొడుగు లేకుండా, పక్కన భటుడనేవాడు లేకుండా దాని మీద నిలబడాలి. ఎవరైనా ఏదైనా అడగవచ్చు. అడిగినవాళ్ళు తమ చేయి అందించి దింపేదాకా అతడు కిందికి దిగకూడదు. ఎండాకాలపు పున్నమికి ఆ బండ ఎలా కాలుతుందో మణికేతుడి పాదాలకు బాగా తెలుసు.

చక్రవర్తి మాత్రం తక్కువ తిన్నాడా? ఒడంబడికలో ఒక మెలిక పెట్టాడు. ఏడాది తిరిగేలోపు ఏ ఊరికైనా ఆదరువు ఆగి, ఎందుకు ఆగిందో నడిపేవాడు జవాబు చెప్పలేకపోతే అది మళ్ళీ హేమకూటం చేతికే పోతుంది. ఇది చూసి రావడానికి సోమపాలుడనే రాయబారిని పంపాడు. సరిగ్గా అతడు వచ్చి దిగిన రోజే ఒక గొర్రెల కాపరి పరుగున వచ్చి పొగలోయలో జనం ఆకులు ఉడకబెట్టుకు తింటున్నారని చెప్పాడు. బళ్ళవాళ్ళను పిలిచి అడిగితే నెల నెలా సరిహద్దు రాయి దగ్గర బస్తాలు దించి, పిలుపు మోగించి వస్తున్నామని ప్రమాణం చేశారు. దించిన బస్తాలు మళ్ళీ పోయేసరికి ఉండటం లేదట. ఇంకేముంది, ఇది వక్రశంఖుడి పనే అని కొలువంతా తేల్చేసింది. ఆ మాంత్రికుణ్ణి కట్టి తెచ్చి బండ ముందు నిలబెడితే అదే జవాబు అవుతుందని, వాడు గుర్తుపట్టకుండా ఉప్పులవాడి వేషం వేసుకుని మణికేతుడు బయలుదేరాడు.

పొద్దు బారెడెక్కేసరికి అతడు సరిహద్దు రాయి చేరాడు. కింద పొగలోయ పచ్చగా పరుచుకుని ఉంది. అంచుల్లో వెండి జలపాతాలు, వాటి తుంపర్లలో ఇంద్రధనుస్సులు, నడుమ తేనె రంగు పూల చెట్లు, ఆ చెట్ల కింద గుండ్రటి పూరిళ్ళు. అక్కడక్కడ పొయ్యి పొగ సన్నగా లేస్తోంది. మనుషులు ఉన్నారు. ఆ పొగ చూసి యువరాజు గుండె కుదుటపడింది. బస్తాలు ఆ ఉదయమే బళ్ళవాళ్ళు చుట్టు దారిన వచ్చి దించి పోయినట్టున్నారు, రాయి పక్కన వరసగా ఉన్నాయి. ఈసారి పిలుపు మోగించవద్దని అతడే వాళ్ళకు చెప్పి పంపాడు. ఊరివాళ్ళను తానే పిలిచి, తన కళ్ళ ముందే బియ్యం పంచాలనుకున్నాడు.

పిలుపుకు అతని దగ్గర జయకొమ్ము ఉంది. ఆదరువు చేతికి వచ్చిన మర్నాడే మణికేతుడు హేమకూటం జేగంటలను బళ్ళ మీంచి దింపించి కరిగించేశాడు. దాస్యపు గంటలు మన బళ్ళకు ఎందుకన్నాడు. వాటి బదులు తన ముత్తాత హేమకూటం సేనను తరిమినప్పుడు ఊదిన జయకొమ్ము లాంటివి చేయించి బండికొకటి కట్టించాడు. ఆ ఉత్తర్వు విని ముసలి మంత్రి కూడా కళ్ళు తుడుచుకున్నాడు. ఇప్పుడు ఆ కొమ్మును పెదాలకు ఆనించి, ఛాతీ నిండా గాలి పీల్చి, కొండలు మారుమోగేలా ఊదాడు.

లోయలో పొయ్యి పొగ ఒక్కొక్కటే ఆరిపోయింది. ఒక ఇంటి తలుపు మూసుకుంది. ఇంకొక ఇంట్లోంచి ఒక ముసలాయన చంకలో కోడిని పెట్టుకుని, కర్ర తాటిస్తూ కొండ వైపు పరుగెత్తాడు. ఒక ఆడమనిషి గుడ్డి భర్త చేయి పట్టి ఈడ్చుకుపోతోంది. చూస్తుండగానే ఊరు ఊరంతా కొండ పాదంలోని బిలంలో దూరింది. బియ్యం బస్తాల పక్కన కొమ్ము పట్టుకుని యువరాజు ఒక్కడే మిగిలాడు.

అతడు కావడితో సహా బిలం దగ్గరికి పరుగెత్తి తల లోపల పెట్టాడో లేదో, రోకలి దెబ్బ వీపున పడింది. నలుగురు ముసలివాళ్ళు అతన్ని లోపలికి లాగి బోర్లా పడేశారు. రోకలి పట్టుకున్నావిడ పేరు అసిరమ్మ. ఎముకల గూడులా ఉంది గాని ఆ రోకలి మాత్రం తేలిగ్గా తిప్పుతోంది.

"దండు ఎంత దూరంలో ఉంది?" అని అడిగింది.

"ఏ దండు అవ్వా?"

"కొమ్ము ఊదినారు కదేటి. కొమ్ము ఊదితే దండు వస్తన్నట్టు. పొయ్యి ఆర్పి బిలంలో దూరాల. మా అమ్మ నాకు నేర్పింది, ఆళ్ళమ్మ ఆవిడికి నేర్పింది. ఈ మాత్రం తెలీదు, నువ్వు ఏ ఊరోడివి నాయనా?"

మణికేతుడు వీపు మంట మరిచిపోయాడు. ముత్తాత గెలిచిన యుద్ధం ఈ లోయలోనే జరిగింది. హేమకూటం సేన ముందు, తరుముతూ శైలవాటి సేన వెనక, రెండూ ఈ ఇళ్ళ మీదుగానే పోయాయి. రాజధానిలో ఆ కొమ్ము వింటే జనం పూలు చల్లుతారు. ఇక్కడివాళ్ళకు ఆ కొమ్ము వింటే కాలిన ఇళ్ళు గుర్తొస్తాయి. నెల నెలా బళ్ళు వచ్చి అదే ఊదాయి, నెల నెలా వీళ్ళు ఆకలి కడుపులతో వచ్చి ఇందులో దాక్కున్నారు.

అసిరమ్మ ఇంకా తిడుతూనే ఉంది. హేమకూటం వాళ్ళు చెడ్డవాళ్ళే గాని ఎప్పుడో ఒకప్పుడు గంటన్నా మోగేదట. ఇప్పుడు మనవాళ్ళే ఏలుతున్నారని విని ఊరంతా సంబరపడిందట. మనవాళ్ళు వచ్చాక గంటా లేదు, గింజా లేదు. ఆ మణికేతుడు ఒక్కసారి కనిపిస్తే అడగవలసినవి చాలా ఉన్నాయన్నది.

"ఆ మణికేతుణ్ణి నేనే అవ్వా. జేగంటలు తీయించి కొమ్ము పెట్టించింది నేనే."

ఎవరో కిసుక్కున నవ్వారు. అసిరమ్మ నవ్వలేదు. కొంగుతో అతని చెంప మీది బూడిద తుడిచి, ముఖం వెలుగు వైపు తిప్పి చూసింది. ఎందుకు అలా చేశాడో అతడు చెప్పబోతే నోటికి చేయి అడ్డం పెట్టింది.

"ఇక్కడొద్దు. బండ మీద చెప్పు. అందరూ ఇనాల."

అంతలో బయట ఎవరో గొంతు సవరించుకున్నారు. బిలం మూతికి ఎదురుగా వక్రశంఖుడు నిలబడి ఉన్నాడు. మోకాళ్ళ దాకా గడ్డం, దానికి ముళ్ళు వేసి కట్టిన చిన్న చిన్న పుర్రెలు, చేతిలో నిప్పుల కుంపటి. ఆ కుంపటిలో ఆదరువు బియ్యం గుప్పెడు గుప్పెడుగా వేస్తున్నాడు. గింజలు మాడిన పొగ సుళ్ళు తిరుగుతూ లేచి పులి తర్వాత పులిగా మారి అతని వెనక కూర్చుంటోంది. కొమ్ము వినబడితే బస్తాలు వచ్చినట్టు అతనికి గుర్తు, అందుకే వచ్చాడు.

"నన్ను దొంగ అనకు యువరాజా," అన్నాడు మాంత్రికుడు. "మీవాళ్ళు తెచ్చి పెడతారు, మోగించి మరీ పిలుస్తారు. ఎవరూ రారు. నేను వస్తాను. ఎన్నో రాజ్యాలు చూశాను గాని ఇంత మర్యాద ఎక్కడా చూడలేదు."

ఆ తర్వాత గొంతు తగ్గించి ఒక బేరం పెట్టాడు. ఈ మధ్యాహ్నం బండ ఎక్కి, బియ్యం మాంత్రికుడు దోచుకున్నాడని చెప్పమన్నాడు. లోకం కళ్ళు మూసుకుని నమ్ముతుంది. రాణిగారికి తలవంపు ఉండదు, ఆదరువు చేజారదు, కొమ్ము సంగతి ఈ బిలం దాటదు. తాను బస్తాలు తీసుకుని వేరే కొండకు పోతాడు. దోచుకున్నాడన్నది పూర్తిగా అబద్ధం కూడా కాదు కదా అన్నాడు.

బేరం మంచిదే. కాదన్నవాడు తెలివితక్కువవాడు అనిపించేంత మంచిది. మణికేతుడు అసిరమ్మ వైపు చూశాడు. ఆవిడ రోకలి చేతిలోంచి దించలేదు. అతడు కావడిలో మిగిలిన మూటలు రెండూ విప్పి ఉప్పంతా మాంత్రికుడి కుంపటి మీద కుమ్మరించాడు.

కుంపటి చుయ్యిమని ఆరింది. ముందు వరస పులులు నీళ్ళయ్యాయి. కాని వెనక వరస లేచింది, ఉప్పు అయిపోయింది. యువరాజు బిలంలోకి దూకాడు. వక్రశంఖుడు పళ్ళు కొరికి, పొద్దు గుంకేలోపు బిలం పగలగొట్టి అందరినీ పొగలో కలుపుతానని శపథం చేశాడు. ముసలివాళ్ళు అప్పటికే బిలం మూతికి రాళ్ళు దొర్లించి తడిమట్టి మెత్తుతున్నారు. ఆ పని వాళ్ళకు తరాల నుంచి అలవాటే. పొగ దూరే సందు లేకుండా క్షణాల్లో మూసేశారు. వెనక వైపున కొండ పైకి ఒక సన్నని సొరంగం ఉంది. బండ మీద జవాబు చెప్పి, ఉప్పుతో తిరిగి రావడానికి అసిరమ్మను వీపున కట్టుకుని మణికేతుడు దానిలో పాకాడు.

పైకి తేలేసరికి నిట్టనిలువు కొండ చరియ. కాలు మోపడానికి బెత్తెడు గట్టు. కింద పులులు వాసన పట్టి గోడ వెంట పొగలా ఎగబాకుతున్నాయి. గట్టు విరిగి ఒకసారి యువరాజు కాళ్ళు గాలిలో వేలాడాయి. ఒక వేరు దొరికితే దాన్ని పట్టుకుని ఊగి అవతలి పలక మీదికి దూకాడు. వీపు మీద అసిరమ్మ, రాజుల పిల్లలు ఇలా కూడా ఎక్కుతారా అని ఆశ్చర్యపోయింది. ఒక పులి పంజా ఆవిడ కొంగు చింపింది. ఆవిడ వెనక్కి తిరిగి దాన్ని కూడా నాలుగు తిట్టింది.

శిఖరం మీద పింగళాక్షుడు కాచుకుని ఉన్నాడు. ఒకప్పుడు వేటగాళ్ళ వలలోంచి మణికేతుడు విడిపించిన రాక్షస గద్ద అది. రెక్క విప్పితే ఒక పందిరంత ఉంటుంది. పొగ పడితే కళ్ళ నీళ్ళు కారతాయని లోయలోకి రానంటుంది, అందుకే ఉదయం అతన్ని వంతెనకు ఇవతలే దించింది. ఇద్దరూ దాని మెడ మీదికి ఎక్కీ ఎక్కకముందే పులుల పంజాలు శిఖరం మీద పడ్డాయి. గద్ద ఒక్క ఊపున ఆకాశంలోకి లేచింది. కొండలు, ఏరులు, చెరకు తోటలు కాళ్ళ కింద వెనక్కి పరుగెత్తాయి.

కోట ముంగిట నేల ఈనినట్టు జనం. మహారాణి మేడ మీద నిలబడి ఉంది. నియమం ప్రకారం ఆమె కూడా బండ దగ్గరికి రాకూడదు. ఒక పక్కన దంతపు పల్లకీ, దాని ముందు రాయబారి సోమపాలుడు. అతడు చెడ్డవాడు కాడు, నవ్వు తెలియనివాడు అంతే. మణికేతుడు గద్ద దిగి, చెప్పులు విడిచి, చిరిగిన ఉప్పులవాడి గుడ్డలతోనే బండ ఎక్కాడు. బండ సెగలు కక్కుతోంది.

అసిరమ్మ ఎదురుగా వచ్చి నిలబడి, పొగలోయకు ఆదరువు ఎందుకు రాలేదని అడిగింది. జనం అంతా ఒక్క పేరు కోసం చూస్తున్నారు. ఆ పేరు చెబితే చాలు, కత్తులు ఒరల్లోంచి లేచేవి.

"బియ్యం మాంత్రికుడికి దొరికింది, నిజమే," అన్నాడు మణికేతుడు. "దొరికేలా చేసింది నేను. గంట తీసి కొమ్ము పెట్టాను. ఆ కొమ్ము వింటే మీరు భయపడి దాక్కుంటారని నాకు తెలియదు. తెలుసుకోలేదు. మిమ్మల్ని ఒక్క మాట అడగలేదు. తప్పు నాది అవ్వా."

ముసలి మంత్రి తల దించుకున్నాడు. సోమపాలుడు నిదానంగా లేచి, యువరాజే తప్పు ఒప్పుకున్నాడు కాబట్టి ఆదరువు తిరిగి చక్రవర్తికి చెందుతుందని ప్రకటించి పల్లకీ ఎత్తమన్నాడు.

అసిరమ్మ అతని దారికి అడ్డం నిలబడింది.

"జవాబు చెప్పలేకపోతే అని కదేటి మీరు రాసుకున్నది? ఈయన చెప్పినాడు. నా బతుకంతా మీ ఏలుబడిలోనే పోయింది బాబూ. అప్పుడూ ఆకలితో పడుకున్నాం. తప్పు నాది అని మీలో ఒక్కడు వచ్చి మా ముందర నిలబడినాడా?"

రాయబారి పల్లకీ ఎత్తమని మళ్ళీ సైగ చేశాడు. కాని పల్లకీ లేవలేదు. ముందు బోయీ ఒకడు భుజం మీది గుడ్డ తీసి చేత పట్టుకుని అతని ముందుకు వచ్చాడు. హేమకూటం నుంచి పల్లకీ మోసుకొచ్చిన మనిషే. ఇక్కడ ఎవరైనా అడగవచ్చునట కదా అని ముందు మణికేతుణ్ణి అడిగాడు. అడగవచ్చని యువరాజు చెప్పాడు. అప్పుడు తన యజమాని వైపు తిరిగాడు.

"అయ్యగారూ, మా అమ్మ హేమకూటంలో మీ వీధి వెనకే ఉంటుంది. ఆమెకు బియ్యం ఆగిపోయింది. ఎందుకు ఆగిందో నేను ఎవరిని అడగాలి?"

సోమపాలుడు పల్లకీ వైపు వేసిన అడుగు వెనక్కి తీసుకున్నాడు. చివరికి, ఆదరువు శైలవాటిలోనే ఉంటుందని, చక్రవర్తికి తాను నచ్చజెబుతానని మెల్లగా అన్నాడు. అప్పుడు జనంలోంచి లేచిన హోరు విన్నవాళ్ళు బతికినంతకాలం మరిచిపోలేదు. గెలిచినందుకు కాదు. తమ రాజకుమారుడు అందరి ముందు తప్పు నాది అన్నాడు, అన్నందుకు వాళ్ళకు గర్వంతో ఒళ్ళు పొంగింది. ఆ రాజ్యంలో పుట్టామని అక్కడున్న ప్రతి ఒక్కరికీ గొప్పగా అనిపించింది. మేడ మీద మహారాణి కూడా కన్నీళ్ళు దాచుకోలేదు.

అసిరమ్మ మాత్రం ఇంకా చేయి అందించలేదు. రేపటి నుంచి ఏం మోగిస్తావని అడిగింది. మీ ఊరు ఏది మోగించమంటే అదే మోగిస్తామని, ప్రతి ఊరినీ అడుగుతామని మణికేతుడు చెప్పాడు. అప్పుడు ఆవిడ చేయి చాచి అతన్ని దింపింది. అతని పాదాలు అప్పటికే బొబ్బలెక్కాయి.

బళ్ళ మీదికి ఉప్పు బస్తాలూ బియ్యం బస్తాలూ ఎక్కుతున్నాయి. వాటికంటే ముందు పోవాలి. ఉత్తరాన నల్లకొండల మీద పొగ గోడలా లేస్తోంది, పొద్దు పడమటికి వాలింది. యువరాజు ఉప్పు బస్తా ఒకటి భుజాన వేసుకుని అసిరమ్మతో గద్ద ఎక్కాడు. పింగళాక్షుడు కోట చుట్టూ ఒక చుట్టు తిరిగాడు. కింద జనం నడుమ రాయబారి సోమపాలుడు ఒంగి చెప్పులు విడవడం మణికేతుడి కంటపడింది. బోయీలు ఎదురుగా నిలబడి ఉన్నారు. ఆ నవ్వు తెలియని మనిషి ఒక కాలు బండ మీద పెట్టి, కాలితే తీసి, మళ్ళీ పెట్టాడు.

యువరాజు ఛాతీ ఉప్పొంగింది. ఇంకొక్క చుట్టు తిప్పమని గద్ద మెడ నిమిరాడు. అసిరమ్మ వెనక నుంచి అతని భుజం మీద ఒక్కటి వేసింది.

"అక్కడేటి చూస్తావు నాయనా. మావోళ్ళింకా తిండి తినలేదు, పద."

గద్ద ఉత్తరానికి తిరిగింది. ఎదురుగా వస్తున్న పొగలో పులుల కళ్ళు మెరిశాయి. మణికేతుడు బస్తా మూతి విప్పి దోసిలి నిండా ఉప్పు తీసుకున్నాడు.